చిన్న యూదు సమాజమందిరంలో యూత్ గ్రూప్ నిలబెట్టడం ఎలా – వైజాగ్ నుంచి

పదమూడేళ్ళు నిండి బార్ మిత్స్వా, అంటే యూదుల్లో కుర్రాడు పెద్దవాడయ్యే వేడుక, అయిన కుర్రాడు ఆ తర్వాత నెల నుంచి కనపడడు. మా దగ్గర వరసగా నలుగురి విషయంలో ఇదే జరిగింది. ఆర్నెల్లు కూర్చోబెట్టి హీబ్రూ అక్షరాలు దిద్దించి, తోరాలో, అంటే మా ధర్మశాస్త్రంలో, తన వంతు భాగం నోటికి వచ్చేదాకా చదివించి, ఆ రోజు అందరం చాక్లెట్లు విసిరి, వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుని, ఇంత చేశాక పిల్లాడు "అక్కా, శనివారం కోచింగ్ ఉంది" అంటాడు, నిజంగానే ఉంటది కూడా, ఇంక మనం ఏమంటాం. పదమూడు వచ్చాయంటే ఇకనుంచి నువ్వు ప్రార్థనకి కావాల్సిన పదిమంది లెక్కలోకి వస్తావు, పెద్దోడివి అయ్యావు అని వాడికి చెప్తాం. చెప్పి, మర్నాటి నుంచి ఒక్క పని కూడా అప్పజెప్పం. తప్పు ఇక్కడే ఉంది, ఇది నాకు తెలిసిరావడానికి ఆరేళ్ళు పట్టింది, 2008లో మొదలుపెడితే 2014 దాకా. ఆ ఆరేళ్ళలో చేసినవీ ఆ తర్వాత మార్చుకున్నవీ అన్నీ రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తాయని.

మా గురించి రెండు ముక్కలు. వైజాగ్‌లో మేం పదకొండు కుటుంబాలతో మొదలయ్యాం, ఎక్కువమంది గుంటూరు, కృష్ణా వైపు నుంచి ఉద్యోగాలకి వచ్చినవాళ్ళే. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ వాళ్ళ, అంటే మా తెలుగు యూదుల, సమాజమందిరం గురించి కొందరైనా వినే ఉంటారు, మా చుట్టరికాలన్నీ అటువైపే. ఇక్కడ మాత్రం సొంత మందిరం లేదు, రబ్బీ, అంటే మత గురువు, లేరు, ఒక మేడ మీద అద్దె హాలు, ఇళ్ళేమో గాజువాకలో కొన్ని, మర్రిపాలెంలో కొన్ని, ఎంవీపీ కాలనీలో రెండు. కాబట్టి ఇది మాలాంటి పది పదిహేను కుటుంబాల వాళ్ళ కోసం రాస్తున్నది.

ముందు ఒక నోట్‌బుక్ కొని అందరి పేర్లూ వయసులూ రాయండి. ఎంతమంది పిల్లలున్నారు అని అడిగితే అందరూ "చాలామందే ఉన్నారు" అంటారు, రాస్తే తేలేది ఐదేళ్ళలోపు ఇద్దరు, ఆరు నుంచి పన్నెండు లోపు ఐదుగురు, పదమూడు నుంచి పద్దెనిమిది లోపు నలుగురు, డిగ్రీ, బీటెక్ చదివేవాళ్ళు ముగ్గురు. అమెరికాలో పెద్ద సినగాగ్‌లలో, అంటే సమాజమందిరాల్లో, వయసుకో గ్రూప్ ఉంటది, ఆడవాళ్ళకి సిస్టర్‌హుడ్, మగవాళ్ళకి మెన్స్ క్లబ్, హైస్కూల్ పిల్లలకి యూదుల్లో ఒక్కో శాఖకీ ఒక్కో యూత్ సంఘం, రిఫార్మ్ శాఖ వాళ్ళదైతే 1939లో పెట్టిన ఎన్ఎఫ్‌టీవై, కన్సర్వేటివ్ వాళ్ళది 1951 నాటి యూఎస్‌వై, ఆర్థడాక్స్ వాళ్ళది 1954లో మొదలైన ఎన్‌సీఎస్‌వై. అవి చూసి నేను మొదట్లో మూడు గ్రూపులు పెట్టేశా, ఒక్కో గ్రూప్‌కి ముగ్గురు నలుగురు వచ్చి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నలుగురితో గ్రూప్ నడవదండి, అందులో ఒకడికి జ్వరం వస్తే ముగ్గురే మిగుల్తారు. మీకు ఇరవై మంది పిల్లల్లోపే ఉంటే ఒకటే గ్రూప్ పెట్టండి, ఎనిమిదేళ్ళ నుంచి పాతికేళ్ళ దాకా కలిపి, అందులో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని చూసుకోవాలి. కాలేజీ పిల్లలు గ్రూప్ సభ్యులుగా ఉండమంటే రారు, చిన్న పిల్లలకి మీరే అన్నయ్యలు, మీరే అక్కలు అంటే వస్తారు.

ఆ అమెరికా వాళ్ళ దగ్గర నుంచి తీసుకోవాల్సింది వేరే ఒకటుంది. 1924లో ఒమాహా అనే ఊళ్ళో కుర్రాళ్ళు పెట్టుకున్న ఆలెఫ్ జాడిక్ ఆలెఫ్ అనే సంఘం తర్వాత బీబీవైఓ అనే యూదు యూత్ సంస్థలో భాగమైంది, 1944లో అమ్మాయిలది కూడా వచ్చింది, దాంట్లో ఒక్కో చాప్టర్‌కి ప్రెసిడెంట్ దగ్గర్నుంచి అందరూ హైస్కూల్ పిల్లలే, ఓట్లేసి వాళ్ళే ఎన్నుకుంటారు. అబ్బాయిల ప్రెసిడెంట్‌ని గాదోల్ అంటారు, హీబ్రూలో పెద్ద అని. పెద్దవాళ్ళు సలహాదారులుగా పక్కన ఉంటారంతే. అక్కడ పదహారేళ్ళ పిల్ల ఎజెండా రాసి మీటింగ్ నడిపిస్తది. మన దగ్గర పదహారేళ్ళ పిల్లకి కొబ్బరికాయ పగలగొట్టే పని కూడా ఇవ్వం, చెయ్యి తెగుతుందంటాం.

ఇంక టైం గురించి, ఎందుకంటే సగం గ్రూపులు ఇక్కడే ఆగిపోతాయి. షబ్బాత్, అంటే మా విశ్రాంతి దినం, శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చుక్కలు వచ్చేదాకా. మన ఆంధ్రాలో శనివారం స్కూలుంటది, కాలేజీ ఉంటది, పరీక్షలు కూడా పెడతారు. మా పిల్లలు ఇద్దరు చదివే ఒక స్కూల్లో యూనిట్ టెస్టులన్నీ శనివారాలే, మూడేళ్ళు తిరిగాం మార్చమని, ఉత్తరాలు ఇచ్చాం, ప్రిన్సిపాల్ గారి గది బయట బెంచీ మీద గంటలు కూర్చున్నాం, చివరికి ఒక పిల్లకి మాత్రం సోమవారం రాయనిచ్చారు. అడగడం మానొద్దు, కానీ వాళ్ళు ఒప్పుకుంటేనే గ్రూప్ అని పెట్టుకోవద్దు. పైగా షబ్బాత్ రోజు రాయకూడదు, డబ్బు ముట్టకూడదు, నిప్పు వెలిగించకూడదు, వండకూడదు, ఖచ్చితంగా పాటించేవాళ్ళు బండి కూడా ఎక్కరు. అలాంటి రోజున క్విజ్ పెట్టి స్కోర్ రాయాలన్నా కుదరదు, టూర్‌కి డబ్బులు పోగుచేయాలన్నా కుదరదు. అందుకని రెండు టైములు పెట్టుకున్నాం. ఒకటి ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పన్నెండు, మీటింగులు, పనులు, ఆటలు, డబ్బు లెక్కలు అన్నీ అప్పుడే. రెండోది శనివారం రాత్రి, హవ్‌దాలా, అంటే షబ్బాత్‌ని సాగనంపే వేడుక, అయ్యాక.

హవ్‌దాలా మన ఊరికి బాగా కుదిరే వేడుక. వైజాగ్‌లో డిసెంబర్ మొదట్లో ఐదున్నర లోపే పొద్దు కుంగుతుంది, జూన్‌లో అయితే ఆరున్నర దాటుతుంది, ఆకాశంలో మూడు చుక్కలు కనపడేసరికి ఎప్పుడైనా రాత్రి ఏడు ఏడున్నరకల్లా అయిపోతుంది, చలిదేశాల్లోలా ఎండాకాలం రాత్రి పది దాకా ఆగక్కర్లేదు. జడలా అల్లిన కొవ్వొత్తి కావాలి అంటారు, అది ఇక్కడ దొరకదు, రెండు మామూలు కొవ్వొత్తులు పక్కపక్కన పట్టుకుని వత్తులు కలిపితే సరిపోతుంది. సుగంధ ద్రవ్యాలకి వెండి డబ్బా అక్కర్లేదు, ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క ఒక చిన్న గుడ్డలో మూటకట్టి చేతులు మార్చుకుంటూ వాసన చూస్తారు. ద్రాక్షరసానికి ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన నీళ్ళు, బొంబాయి వైపు బెనె ఇజ్రాయెల్ యూదులు తరతరాలుగా ఇదే పద్ధతి. మొదటిసారి ఉత్సాహంగా ఆర్‌కే బీచ్‌కి తీసుకెళ్ళా, గాలికి కొవ్వొత్తి పదకొండుసార్లు ఆరిపోయింది, పిల్లలు చుట్టూ చున్నీలు పట్టుకుని నిలబడ్డా ఆరిపోయింది. అందుకని హవ్‌దాలా మేడ మీదే పిట్టగోడ చాటున చేసేసుకుని, తర్వాత బీచ్‌కి వెళ్ళి ముంతమసాలా తింటూ కూర్చోండి. అప్పుడు పిల్లలు మాట్లాడే మాటలు ఆదివారం మీటింగ్‌లో రావు. కాలేజీలో తనని ఎవరు ఏమన్నారు, ఇంట్లో నాన్న ఏమన్నారు, అన్నీ అక్కడే బయటికొస్తాయి.

ఇప్పుడు హుద్‌హుద్ తుఫాను సంగతి, ఎందుకంటే మా గ్రూప్ నిజంగా పుట్టింది ఆ వారమే.

2014లో పర్ణశాలల పండుగ, అదే సుక్కోత్, అక్టోబర్ 8 సాయంత్రం మొదలైంది. ఈ పండుగ ఎప్పుడూ పున్నమికే వస్తది, యూదుల నెలలు కూడా మన నెలల్లాగే చంద్రుడి లెక్క, మనకి అధికమాసం ఉన్నట్టే వాళ్ళకీ పంతొమ్మిదేళ్ళలో ఏడుసార్లు అదనపు నెల ఉంటది. వారం పాటు సుక్కాలో, అంటే ఆకుల కప్పు వేసిన పందిరి కింద, కూర్చుని తినాలి. కప్పు నేలలో పెరిగి, కోసిన ఆకూ కొమ్మలతోనే వేయాలి, నీడ ఎండకంటే ఎక్కువ ఉండాలి, అయినా రాత్రి సందుల్లోంచి చుక్కలు కనపడితే మంచిది. పైన చెట్టు గానీ బాల్కనీ గానీ అడ్డం ఉండకూడదు, ఆకాశం కిందే వేయాలి. మన పెళ్ళి పందిరి వేసే చెయ్యి ఉన్నవాళ్ళెవరికైనా ఇది తెలిసిన పనే. మేం డాబా మీద సరుగుడు కర్రలు పాతేసి, అంటే ఇసుక నింపిన డబ్బాల్లో నిలబెట్టి, పైన తాటాకులూ కొబ్బరి మట్టలూ వేసి, గోడలకి పాత చీరలు కట్టాం. చీరలు కట్టేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, గోడ గాలికి ఊగకూడదు, కాబట్టి పైనే కాదు కిందా మధ్యలో కూడా తాళ్ళు లాగి బిగించాలి.

ఆ శుక్రవారం మధ్యాహ్నానికి టీవీలో తుఫాను వైజాగ్ మీదకే వస్తోందని చెప్తున్నారు. పెద్దవాళ్ళు హాల్లో కూర్చుని చర్చ, పండుగ మధ్యలో సుక్కా ఎలా విప్పుతాం, ఆదివారం నాటికి చూద్దాం, శనివారం ఎటూ ముట్టుకోకూడదు కదా అని. ఇంటర్ సెకండియర్ చదివే ఒక కుర్రాడు, పైన చెప్పిన ఆ నలుగురిలో ఒకడు, వాళ్ళ తాతని దింపడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. "తాతా, ఆ కర్రలు ఎగిరి కింద ఎవరి తలమీదైనా పడితే? ప్రాణం కోసం షబ్బాత్‌నే పక్కన పెట్టొచ్చని మీరే చెప్పారు కదా" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. వాడే ఫోన్ చేసి మిగతా ముగ్గుర్నీ పిలిచాడు, రెండేళ్ళుగా మొహం చూపించనివాళ్ళు పావుగంటలో వచ్చేశారు. షబ్బాత్ దీపాల టైంకి ముందే మొత్తం విప్పేసి, కర్రలు మెట్ల కింద కట్టగట్టి, చీరలు మడతపెట్టి, డబ్బాల్లో ఇసుక కూడా సంచుల్లోకి ఎత్తేశారు. ఆదివారం, 12వ తారీఖు, తుఫాను తీరం దాటింది. ఆ గాలి చప్పుడు వైజాగ్‌లో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు, నేను చెప్పక్కర్లేదు. మా డాబా మీద వాటర్ ట్యాంక్ మూత ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలీదు.

తర్వాత కరెంట్ లేదు, లిఫ్ట్ లేదు, నీళ్ళు లేవు. ఆ నలుగురూ ఇంకో ఇద్దరు అమ్మాయిలూ ఎవరూ చెప్పకుండానే మా పెద్దవాళ్ళ ఇళ్ళ లిస్ట్ వేసుకుని, ట్యాంకర్ దగ్గర లైన్లో నిలబడి, బిందెలు మూడో అంతస్తుకి మోశారు, మావాళ్ళకే కాదు ఆ మెట్ల మీద ఉన్న అన్ని ఇళ్ళకీ. మంగళవారం సాయంత్రం నోట్‌బుక్ పట్టుకుని వచ్చి "అక్కా, రేపే పండుగ ఆఖరు రోజు, సుక్కా మళ్ళీ వేద్దామా" అన్నారు. తాటాకులు ఎక్కడివిరా అన్నా. ఊరంతా చెట్లు పడిపోయి ఉన్నాయి కదా, రోడ్డు మీద పడిన కొమ్మలు తెచ్చారు, బాదం, వేప, ఏది దొరికితే అది. మిష్నా అనే పాత యూదు ధర్మగ్రంథంలో ఒక మాటుంది, వానకి గిన్నెలో జావ పాడయ్యేంతైతే సుక్కా వదిలి లోపలికి వెళ్ళొచ్చని. వాన ఆగింది కాబట్టి మేం బయటే కూర్చున్నాం, కొవ్వొత్తుల వెలుతురులో, ఊరంతా చీకటి, అన్నం పచ్చడి. వాళ్ళ తాత ఆ రాత్రి ఆశీర్వాదం తను చదవకుండా మనవడి చేత చదివించారు.

అప్పుడు అర్థమైంది నాకు. నేను ఆరేళ్ళుగా వాళ్ళకి ప్రోగ్రాములు పెట్టా, గేమ్స్, పిజ్జా, క్విజ్. వాళ్ళు రానిది బోర్ కొట్టి కాదు, తాము రాకపోయినా అక్కడ ఏదీ ఆగదని వాళ్ళకి తెలుసు, అందుకు. అప్పట్నుంచి మా పద్ధతి ఒకటే, పిల్లలు చేయకపోతే ఆ శనివారం నిజంగా ఆగిపోయే పనులు వాళ్ళకి ఇవ్వడం, ఇచ్చాక మళ్ళీ లాక్కోకపోవడం.

ఏ పనులు అంటే, మొదటిది హాలు తాళం. నవ్వకండి, ఇదే ముఖ్యం. తాళం పదిహేనేళ్ళు దాటినవాళ్ళ దగ్గర నెలకొకరి దగ్గర ఉంటది, శుక్రవారం సాయంత్రం వాళ్ళు వచ్చి తీస్తేనే ప్రార్థన. మొదటి నెలలో ఒకమ్మాయి అరగంట లేటైంది, పద్నాలుగు మందిమి మెట్ల మీద నిలబడ్డాం, ఒక్కరు కూడా తిట్టొద్దని ముందే చెప్పి ఉంచా, ఎవరూ తిట్టలేదు. ఆ పిల్ల ఆ తర్వాత ఎప్పుడూ లేటవ్వలేదు. డూప్లికేట్ తాళం ఉంటది మన దగ్గర, కానీ అది ఉందని వాళ్ళకి చెప్పకండి.

రెండోది కిద్దూష్ తిండి, అంటే షబ్బాత్ ప్రార్థన అయ్యాక అందరం కలిసి తినేది. షబ్బాత్ రోజు వండకూడదు కాబట్టి శుక్రవారమే చేసి పెట్టుకునేవి కావాలి, దీనికి మన తెలుగు వంటిల్లు దేవుడిచ్చిన వరం, పులిహోర మర్నాటికే ఇంకా బాగుంటుంది, దద్దోజనం, చల్ల మిరపకాయలు, ముందు రోజు చేసిన సున్నుండలు. మాంసమూ పాలూ కలపకూడదన్న నియమం ఉంది కాబట్టి కిద్దూష్ అంతా వెజ్ అని ఒకసారి నిర్ణయించేసుకుంటే సగం గొడవ ఉండదు. వైజాగ్‌లో పిల్లలకి అసలు పరీక్ష చేపల దగ్గర వస్తది. ఈదే రెక్కలు, పొలుసులు రెండూ ఉన్న చేపే తినాలి, కాబట్టి రొయ్యలు లేవు, పీతలు లేవు, సొర లేదు, వాలుగ లేదు. ఫ్రెండ్స్ అందరూ రొయ్యల బిర్యానీ తింటుంటే పక్కన కూర్చోడం చిన్న విషయం కాదండి, పెద్దవాళ్ళం తేలిగ్గా తీసేస్తాం. అందుకే మేం ఏడాదికోసారి చిన్నపిల్లల్ని ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే తీసుకెళ్తాం, ఏది మనది ఏది కాదు అని చేత్తో పొలుసు గీరి చూపించడానికి. పండుగప్ప పొలుసు గోరంత ఉంటది, పదేళ్ళ పిల్లలకి భలే సరదా. వచ్చేటప్పుడు బొచ్చె గానీ శీలావతి గానీ మార్కెట్‌లో కొని, కాలేజీ పిల్లలే పులుసు పెడతారు.

మూడోది రోగుల్ని చూసిరావడం, బికూర్ హోలీమ్ అంటారు. రోగిని చూడ్డానికి వెళ్ళినవాడు ఆ జబ్బులో అరవైయ్యో వంతు తీసుకెళ్తాడని తల్మూద్ అనే యూదు ధర్మగ్రంథంలో ఉంది. ఇద్దరిద్దరుగా పంపండి, ఒక పెద్ద, ఒక చిన్న. కేజీహెచ్ ఆస్పత్రిలో గానీ ఇంట్లో గానీ పది నిమిషాలు మించి కూర్చోవద్దు, మంచం మీద కూర్చోవద్దు, "ఏమన్నారు డాక్టర్ గారు" అని అడగొద్దు, ఏం కావాలో అడిగి నోట్‌బుక్‌లో రాసుకుని రావాలి, మర్నాడు అది జరగాలి. ఈ చివరిది లేకపోతే మిగతావి దండగ.

నాలుగోది పాట. ఆదోన్ ఓలామ్ అనే కీర్తన చాలా సంఘాల్లో ప్రార్థన చివర పాడతారు, దాని ఛందస్సు ఎంత తిన్నగా ఉంటదంటే దాదాపు ఏ బాణీకైనా పట్టేస్తది, ప్రపంచంలో యూత్ గ్రూపులన్నీ దానికి రకరకాల బాణీలు కడతాయి. మా వాళ్ళు జానపద బాణీ ఒకటి తీసుకుని పాడితే మొదట పెద్దాయన ఒకరు మొహం చిట్లించారు, మూడో వారానికి ఆయన కాలు తాళం వేస్తోంది. బాణీ ఎంచుకోవడం పిల్లలకి వదిలేయండి, ఒక్కటే షరతు, సినిమాలో ఐటం సాంగ్ బాణీ వద్దు.

పండుగల పనులు కూడా ముందే పంచేయండి. పస్కా పండుగ రాత్రి ఆచారంగా అడిగే నాలుగు ప్రశ్నలు అందరిలో చిన్నవాళ్ళు అడగాలి, ఆ పిల్లకి నేర్పే బాధ్యత వాళ్ళమ్మకి కాదు, పోయినేడు అడిగిన పిల్లకి ఇవ్వండి. హనుక్కా, అంటే దీపాల పండుగ, ఎనిమిది రాత్రులూ నూనెలో వేయించిన తిండి, ఇక చెప్పేదేముంది, గారెలు, బూరెలు, పునుగులు. పూరీము పండుగకి హామాన్‌తాషెన్ అని మూడు మూలల మిఠాయి చేస్తారు, మా ఆడపిల్లలు కజ్జికాయల పిండిలో కొబ్బరి పెట్టి మూడు మూలలుగా మడిచి వేయిస్తారు, అవి కనీసం ఇంకో తినుబండారంతో కలిపి ఒక్కరికైనా పంపాలి, ఇద్దరు బీదవాళ్ళకి దానం ఇవ్వాలి. ఈ రెండోది పిల్లలు తమ పాకెట్ మనీలోంచే ఇవ్వాలని మేం పట్టుబడతాం.

పెద్దవాళ్ళ గ్రూపుల గురించి ఎక్కువ చెప్పను. ఆడవాళ్ళకి రోష్ హోదెష్, అంటే నెల పొడుపు రోజు, పాతకాలం నుంచీ ఆడవాళ్ళు పనికి కాస్త విరామం ఇచ్చుకునే రోజు, ఆ సాయంత్రం ఒకళ్ళ ఇంట్లో టీ పెట్టుకుని చదువుకోవడం, మాట్లాడుకోవడం, ఇది దానంతట అదే నడుస్తది. మగవాళ్ళని విడిగా కూర్చోబెట్టాలని మూడుసార్లు ప్రయత్నించా, క్రికెట్ మ్యాచ్ ఉన్నప్పుడు తప్ప రాలేదు, వదిలేశా. వాళ్ళకి పర్ణశాల కర్రలు, రిపేర్లు, వ్యాను మాట్లాడటం ఇస్తే చక్కగా చేస్తారు.

ఇప్పుడు జాగ్రత్తలు, ఇది మొహమాటం లేకుండా చెప్పాలి. చిన్న సంఘంలో అందరూ చుట్టాలే, అందుకే "మనవాళ్ళే కదా" అని వదిలేస్తాం, అది చాలా ప్రమాదం. ఏ పెద్దవాళ్ళూ ఒక్క పిల్లతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, అందులో ఒకరు ఆడవాళ్ళు. పిల్లలకి రాత్రిపూట పెద్దవాళ్ళు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, అన్నీ గ్రూప్‌లోనే, ఆ వాట్సాప్ గ్రూప్‌లో కనీసం ఇద్దరు తల్లిదండ్రులు ఉండాలి. పిల్ల ఎవరి గురించైనా ఏదైనా చెప్తే సంఘం పెద్దల్లో పంచాయితీ పెట్టొద్దు, పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ హాలు గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించండి, పిల్లల ఎత్తులో.

సముద్రం గురించి కూడా. మన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎంత మోసమో ఇక్కడివాళ్ళకి తెలుసు, ఆర్‌కే బీచ్ అయినా రుషికొండ అయినా యారాడ అయినా. మా రూల్ మోకాలి లోతు కూడా కాదు, కాళ్ళు తడవడం వరకే, అది కూడా పెద్దవాళ్ళు సముద్రం వైపు నిలబడి ఉంటేనే. దీని మీద ఏ కాలేజీ కుర్రాడు ఎంత బతిమాలినా నేను వినను.

డబ్బుకి ఆదివారమే లెక్క. ధర్మం డబ్బా, అదే ట్సెదాకా డబ్బా, శుక్రవారం దీపాలకి ముందు ఇంట్లోనే వేసుకుని ఆదివారం తెస్తారు. పిల్లల్లో ఒకరు కోశాధికారి, ప్రతి రూపాయీ నోట్‌బుక్‌లో, నెలకోసారి గట్టిగా చదివి వినిపించాలి. సంఘానికి బ్యాంక్ అకౌంట్ కావాలనుకుంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు సభ్యులుంటే చాలు రిజిస్టర్ చేసుకోవచ్చు, సంతకాలు ఎప్పుడూ ఇద్దరివి పెట్టండి.

ఇంకో విషయం ప్రతి పిల్లకీ వస్తది. క్లాసులో "మీరేంటి, క్రిస్టియన్సా, ముస్లిమ్సా" అని అడుగుతారు, యూదులం అంటే అదేంటి అంటారు. దీనికి మేం ఒక ఆదివారం మొత్తం కేటాయిస్తాం, ఒకరు అడగడం ఒకరు చెప్పడం, రెండు వాక్యాల్లో చెప్పడం నేర్పిస్తాం. మన దేశంలో యూదులు కొచ్చిలో, బొంబాయిలో ఎన్నో వందల ఏళ్ళుగా ఉన్నారని, కొచ్చి పరదేశి సినగాగ్ 1568లో కట్టిందని, బొంబాయిలో షార్ హరహమీమ్ 1796 నాటిదని తెలిస్తే పిల్లల వెన్ను నిటారుగా అవుతది. మేం ఎవరం, మమ్మల్ని ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు అన్నది పెద్ద ప్రశ్న, పదహారేళ్ళ పిల్లలు అది సూటిగా అడుగుతారు, దాచకండి, కూర్చుని మాట్లాడండి. వేరే మతం ఫ్రెండ్స్ ఆదివారం ఆటలకి వస్తే రానివ్వండి, మా క్యారమ్స్ ఛాంపియన్ రంజాన్ ఉపవాసాలుండే అబ్బాయే. వాళ్ళని మార్చాలని ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు, యూదులకి అసలు అలా పిలిచే అలవాటే లేదు.

ఏడాదికోసారి బయటి పిల్లల్ని కలిపించండి, ఎందుకంటే ఎప్పుడూ అవే పద్నాలుగు మొహాలు చూస్తే ఎవరికైనా విసుగే. మేం సెలవుల్లో సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లో గుంటూరు వెళ్తాం, ఆదివారం బయల్దేరి గురువారానికల్లా తిరిగొచ్చేలా టికెట్లు చూసుకుంటాం, రైలు ఆలస్యమైనా షబ్బాత్ దారిలో పడకుండా ఒకరోజు చేతిలో ఉంచుకోవాలి.

చివరి పని, మీరు తప్పుకోవడం. నేను పోయినేడు నోట్‌బుక్ ఇచ్చేశా, బీటెక్ మూడో ఏడు చదివే అమ్మాయికి. మొదటి నెలలో తను మార్చినవి చూసి రెండుసార్లు ఫోన్ తీసి మళ్ళీ పెట్టేశా. ఆదివారం టైం పదిన్నరకి మార్చింది, పిల్లలు ఎక్కువమంది వస్తున్నారు. హుద్‌హుద్ నాటి కుర్రాడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం, పర్ణశాలల పండుగకి ముందు ఆదివారం మాత్రం బస్సెక్కి వచ్చేస్తాడు. ఆ సరుగుడు కర్రలు ఇంకా ఉన్నాయి, పండుగ అయ్యాక తడి ఆరబెట్టి, చెదలు పట్టకుండా నేలకి తగలకుండా ఇటుకల మీద పెట్టాలి, ఏ కర్ర ఎక్కడో పెయింట్‌తో నంబర్ వేయాలి, లేకపోతే మళ్ళీ ఏడు రెండు గంటలు దానికే పోతాయి. వాడు వేసిన నంబర్లు ఎరుపు రంగులో వెలిసిపోయాయి, ఈసారి పన్నెండేళ్ళ పిల్ల ఒకతి వాటి మీదే నీలం రంగుతో మళ్ళీ దిద్దుతుంటే పక్కన డబ్బా పట్టుకుని కూర్చున్నాడు, ఏడో నంబర్ తిరగేసి వేసింది, చెప్పలేదు వాడు.